ఫానీ లూ హేమర్

అమెరికా దేశమున మిసిసిపీ నది ఒండ్రు నేలలు ప్రత్తికి పేరుపొందినవి. 1865లో బానిసత్వము చట్టరీత్యా రద్దయినను, ఆ చేలలో చెమటోడ్చు నల్లజాతివారి బ్రతుకు చిరకాలము పెద్దగా మారలేదు. భూమి దొరది, విత్తనము, ఎరువు, తిండిగింజలు దొర ఇచ్చిన అప్పు, పంట ఇంటికి వచ్చిన పిమ్మట లెక్క చూచునదియు దొరయే. ఆ లెక్క కష్టించినవాని పక్షమున తేలుట అరుదు.

అట్లు పంటలో పాలుకు సేద్యము చేయు ఒక పేద కుటుంబమున, 1917 అక్టోబరు 6వ తేదీన, ఇరువదవ సంతానముగా ఫానీ లూ పుట్టెను. ఆరేండ్ల ప్రాయముననే ప్రత్తి తీయుటకు చేనిలో దిగెను. చేనిపని లేని నెలలలోనే బడి. పండ్రెండేండ్లకు ఆ చదువును ముగిసెను. అయినను చదువను వ్రాయను వచ్చిన కూలీలు తక్కువ యగుటచే, పెరిగి పెండ్లియాడిన పిమ్మట రూల్‌విల్ చెంత ఒక ఎస్టేటులో కూలీల పనివేళల లెక్క వ్రాయు కొలువు ఆమెకు దొరకెను. భర్త పెరీ హేమర్ అచ్చటనే ట్రాక్టరు నడుపుచుండెను.

బిడ్డల కొరకు ఆ దంపతులు ఎంతో ఆశపడిరి. 1961లో గర్భాశయములోని చిన్న కంతి తీయించుకొనుటకై ఆమె ఆసుపత్రిలో చేరెను. వైద్యుడు గర్భాశయమునే తొలగించెను. ముందు ఆమె నడుగలేదు, తరువాతనైనను చెప్పలేదు. ఎస్టేటు పెద్దింటిలో పుట్టిన మాట వంటయింటి మీదుగా కూలీల గుడిసెలకు చేరినప్పుడుగాని తన దేహమునకు ఏమి జరిగినదో ఆమె యెరుగదు. దావా వేయవచ్చును గదా యని విద్యార్థులు అడుగవచ్చును. తెల్ల వైద్యునిపై నల్ల కూలిస్త్రీ పక్షమున నిలుచు న్యాయవాది ఆనాటి మిసిసిపీలో ఎక్కడ? ఇట్టి ఆపరేషనులు అచ్చట ఎంత వాడుకయైనవనగా, వానికి మిసిసిపీ అపెండిక్సు ఆపరేషను అను చేదు పేరే పడినది.

మరుసటి యేడే ఆమె వోటుహక్కు కొరకు బయలుదేరెను. ఈ రెంటికిని సంబంధము లేదని నేననుకొనను. తమవంటివారికి వోటు గలదను సంగతియే నలుబదినాలుగేండ్ల వయసున, ఒక చర్చిలో జరిగిన సభలో, ఆమె తొలిసారి వినెను. 1962 ఆగస్టు 31న మరి పదునేడుగురితో ఇండియనోలా పట్టణమునకు బస్సులో పోయెను. గుమాస్తా రాష్ట్ర రాజ్యాంగములోని ఒక చిక్కు ప్రకరణమును చూపి అర్థము వ్రాయుమనెను, ఆమె నెగ్గలేదు. తిరుగుత్రోవలో పోలీసులు, బస్సు మరీ పసుపుగా నున్నదని జరిమానా విధించిరి! అందరును బిగుసుకొని కూర్చుండగా ఆమె చర్చిపాటలు ఎత్తుకొనెను. ఆ రాత్రియే ఎస్టేటు యజమాని, దరఖాస్తు వెనుకకు తీసికొననిచో వెళ్ళిపొమ్మనెను. ఆమె వెళ్ళెను. పదునెనిమిదేండ్ల కొలువు అంతటితో సరి. 1963 జనవరిలో మరల పరీక్షకు కూర్చుండి నెగ్గెను.

ఆ యేటి జూనులో వినోనా పట్టణపు జైలులో అధికారులు ఆమెను నల్లజాతి ఖైదీలచేతనే కొట్టించిరి. మూత్రపిండము చెడెను, కన్ను దెబ్బతినెను. అధికారులు మాత్రము జూరీ యెదుట నిర్దోషులుగా బయటపడిరి. 1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో డెమోక్రటిక్ పార్టీ మహాసభ సంఘము ముందు ఆమె ఇదంతయు సాక్ష్యముగా చెప్పుచుండగా, అధ్యక్షుడు జాన్సన్ హఠాత్తుగా విలేఖరులను పిలిచి కెమెరాలను తనవైపు త్రిప్పుకొనెను. ఎత్తు పారలేదు, రాత్రి వార్తలలో దేశమంతయు ఆమెను చూచెను.

ఆ సంవత్సరమే మరియొక పోరాటము నడచెను. పెండ్లికాని తల్లికి రెండవ బిడ్డ కలిగినచో జైలు, లేదా దానికి బదులు గొడ్రాలిని చేయు శస్త్రచికిత్స యను ప్రతిపాదన మిసిసిపీ శాసనసభలో వచ్చినది. నిరసన చెలరేగగా శస్త్రచికిత్స మాట తీసివేసిరి. జూనులో వాషింగ్టను సభలో హేమర్ తన ఆపరేషను సంగతిని బాహాటముగ చెప్పెను. నలుగురిలో అట్టి మాట ఎత్తుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో స్త్రీలకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆమె గర్భస్రావమునకును, సంతాననిరోధమునకును వ్యతిరేకి. ఆమె అభిమానులలో కొందరికి ఇది ఇబ్బంది. కాని దాచుట న్యాయము కాదు. తెల్లజాతి స్త్రీలు బిడ్డలు వద్దనుకొను హక్కును కోరుచుండగా, ఆమెకు పోయినది బిడ్డను కను హక్కు. 1971లో జాతీయ మహిళా రాజకీయ సంఘమును స్థాపించినవారిలో ఒకతెయైయుండియు, తన కష్టము వారి కష్టము ఒకటి కాదనియు, నల్ల పురుషునితో కలిసియే తన విముక్తియనియు ఆమె నిర్మొగమాటముగ పలికెను. జాతి, స్త్రీత్వము, పేదరికము ఒకే దేహముమీద పడు తీరునకు 1989లో న్యాయశాస్త్రవేత్త కింబర్లీ క్రెన్షా ఒక పేరు పెట్టెను. కనుటకు, కనకుండుటకు, కన్నబిడ్డను క్షేమముగా పెంచుటకు గల హక్కులను 1994లో షికాగోలో కూడిన నల్లజాతి స్త్రీలు ప్రజనన న్యాయమనిరి. హేమర్ వీనిని ముందే అనుభవించినది.

మూడవ హక్కునకును ఆమె ఇంటనే దెబ్బ తగిలినది. ఆ దంపతులు పెంచుకొన్న కూతురు 1967లో పోషణలేమితో చిక్కి, సకాలమున వైద్యము అందక మరణించెను. ఆమె ఇరువురు పసికూనలను హేమర్ దంపతులే సాకిరి. 1969లో హేమర్ ఫ్రీడమ్ ఫారమ్ అను సహకార క్షేత్రమును స్థాపించెను. అందు పందుల బ్యాంకు ఒకటి. పేద కుటుంబమునకు ఒక ఆడపందిని ఇచ్చెదరు, ఈనిన పిమ్మట రెండు పిల్లలను తిరిగి పుచ్చుకొనెదరు. ఆకలిగొన్నవాని వోటును బెదరించుట సులభమని ఆమె యెరుగును.

1977 మార్చి 14న, మౌండ్ బాయూ ఆసుపత్రిలో, ఏబదితొమ్మిదవ యేట ఆమె కన్నుమూసెను. రూల్‌విల్‌లో, సహకార క్షేత్రపు నేలలోనే ఆమెను ఖననము చేసిరి.