అల్ఫోన్స్ ముహా

మధ్య ఐరోపాలోని చెక్ దేశమున మొరేవియా అను ప్రాంతము గలదు. అందలి ఇవాంచిత్సె అను చిన్న పట్టణమున 1860వ సంవత్సరము జూలై 24వ తేదీన అల్ఫోన్స్ ముహా జన్మించెను. ఆనాడు ఆ దేశము ఆస్ట్రియా చక్రవర్తి యేలుబడిలో నుండెను. తండ్రి న్యాయస్థానమున చిన్న యుద్యోగి. బాలునకు బొమ్మలనిన ప్రాణము. కాని 1878లో ప్రాగ్ నగరపు చిత్రకళాశాలవారు అతనిని చేర్చుకొనలేదు. వియన్నా చేరి, నాటకశాలలకు తెరలు చిత్రించు కార్ఖానాలో కుదిరెను. 1881లో ఆ కార్ఖానాకు పని యిచ్చుచుండిన పెద్ద నాటకశాల కాలిపోగా ఆ జీవనాధారమును పోయెను. పిదప ఒక జమీందారు అతని నేర్పు గుర్తించి మ్యూనిక్‌లోను, పారిస్‌లోను చదువుకొనుటకు సాయపడెను. ఆ సాయము నిలిచిపోయిన నాడు ముహా పత్రికలకును, పుస్తకములకును బొమ్మలు గీచి పొట్ట పోసికొనవలసి వచ్చెను.

కథకు బొమ్మ గీయుట చూచినంత సులభము గాదు. రాజు కత్తి దూయుచున్నాడు. సేవకుడు వెనుకకు జంకుచున్నాడు. ఊహలో అంతయు స్పష్టముగా నున్నట్లే తోచును. కాగితముపై పెట్టబోవునప్పుడు గదా చిక్కులు! మోచేయి యెంత వంగవలెను? అంగీ మడతలు ఎటు జాఱవలెను? నీడ యెక్కడ పడవలెను? ఒకనిని ఎదుట నిలువబెట్టి గీయవచ్చును గాని, కత్తి యెత్తిన చేతితో వాడెంతసేపు నిలువగలడు? ముహా యిందులకు కెమెరా సాయము గైకొనెను.

మొదట తన యూహను చిత్తుబొమ్మగా గీచుకొనెడివాడు. తరువాత మనుష్యులకు తగిన దుస్తులు తొడిగి, ఆ భంగిమలో నిలిపి ఫొటో తీసెడివాడు. అది చూచి చిత్తుబొమ్మను దిద్దుకొని, పిదప అసలు చిత్రమునకు పూనుకొనెడివాడు. ఇట్లు చేయుట చౌర్యమువంటిదని తలచువారు కలరు. ముహా తీసిన ఫొటోను, దాని ననుసరించి గీచిన చిత్రమును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఆ సందేహము తీఱిపోవును. ఫొటోలో గది గోడలు, సామానులు కానవచ్చును. చిత్రమున వాని జాడయే యుండదు. సుడులు తిరుగు కేశములు, పూలతీగలు, ప్రవహించు రేఖలు, ఇవి యన్నియు అతని చేతిలో పుట్టినవే.

1895 జనవరి 1వ తేదీన, ప్రసిద్ధ నటి సారా బెర్నార్ నాటకమునకై అతడు గీచిన ప్రకటన చిత్రము పారిస్ గోడల కెక్కెను. దానితో అతని పేరు నగరమంతట మాఱుమ్రోగెను. ధనమునకు కొదువ లేకపోయెను. అయినను అతని మనసు స్వదేశముపైననే యుండెను. స్లావు జాతుల చరిత్రను పెద్ద చిత్రములుగా రచింపవలెనని సంకల్పించి, 1910లో తిరిగి వచ్చి, జ్బిరోహ్ కోటలో పని ప్రారంభించెను. అమెరికా ధనికుడు చార్లెస్ క్రేన్ ఇందులకు ద్రవ్య మొసగెను. చిత్రములు ఇరువది. పెద్దవాని వెడల్పు ఎనిమిది మీటర్లు, ఎత్తు ఆఱు మీటర్లు! ఇచ్చటను పద్ధతి మాఱలేదు. పల్లె ప్రజలకు పూర్వకాలపు దుస్తులు తొడిగి, వారిని రైతులుగను, యోధులుగను నిలిపి ఫొటోలు తీసెను.

ఆ చిత్రములలో నొకటి రష్యాకు సంబంధించినది. 1861లో రెండవ అలెగ్జాండరు చక్రవర్తి రైతులను బానిసత్వమునుండి విడిపించెను. స్లావు జాతులలో మిక్కిలి బలమైనది రష్యాయే గనుక, దాని గొప్పతనమును చాటు సంబరముగా ఈ చిత్రమును రచింపవలెనని ముహా తలంచెను. ఆధారములు సేకరించుటకై 1913లో మాస్కోకు పోయెను. వీథులలో కెమెరాతో తిరిగి ఫొటోలు తీసెను. తాను వెదకిన సంబరము అచ్చట కానరాలేదు. విముక్తి లభించి ఏబది యేండ్లు గడచినను పేదల బ్రదుకు దుర్భరముగానే యుండెను.

అప్పుడతని యెదుట రెండు త్రోవలు గలవు. తనకు వలసిన ఫొటోలను మాత్రమే యేఱుకొని, నవ్వు మొగములను ఊహించి కలుపవచ్చును; జనులు మెచ్చుకొందురు. లేదా చిరకాలము ప్రేమించిన యూహను విడువవలెను. అతడు ఊహనే విడిచెను. 1914లో పూర్తియైన ఆ చిత్రమున మాస్కోలోని రెడ్ స్క్వేరు మంచుతో నిండియున్నది. సెయింట్ బాసిల్ దేవాలయ గోపురములు పొగమంచులో మసకగా దోచును. రాజశాసనము చదువుట ముగిసినది. గుంపులు గుంపులుగా నిలిచిన జనులలో జయధ్వానములు లేవు. ముందువైపున ఒక తల్లి బిడ్డను పొదివికొని యున్నది. ఆమె కన్నులలో సంతోషము కంటె భయమే యెక్కువ.

ఇరువది చిత్రములను ముహా 1928లో ప్రాగ్ నగరమునకు సమర్పించెను. 1939 మార్చిలో జర్మనులు ఆ నగరమును ఆక్రమించి, వృద్ధుడైన అతనిని పట్టుకొని ప్రశ్నించిరి. ఆ జూలై 14వ తేదీన అతడు మరణించెను. యుద్ధకాలమున చిత్రములను చుట్టి దాచవలసి వచ్చెను. 1963 నుండి అవి మొరావ్‌స్కీ క్రుమ్లోవ్ కోటలో మరల ప్రజలకు కనబడినవి. మాస్కో వీథులలో అతడు తీసిన ఫొటోలును చెడక నిలిచియున్నవి.