కడుపు చల్లగా ఉండాలన్న డాక్టరు

వేరుశెనగపప్పు లేని వంటిల్లు మనలో ఎవరికైనా ఉంటుందా? కోస్తాలో వేరుశెనగ గుళ్లన్నా, తెలంగాణలో పల్లీలన్నా, రాయలసీమలో బుడ్డలన్నా అవి పులిహోరలో పంటికి తగలాల్సిందే, ఇడ్లీ పక్కన పచ్చడై కూర్చోవాల్సిందే. అయినా ఇంట్లో ఎవరికైనా కాస్త అజీర్తి చేస్తే చాలు, పెద్దవాళ్లు ముందుగా వద్దనేది వాటినే. పైత్యం చేస్తాయంటారు. మా అత్తగారిదీ అదే మాట. అలాంటిది, అరగని పొట్టలతో వచ్చే రోగుల కోసమే ఆ గింజల్ని వెన్నలా నూరి పెట్టిన డాక్టరొకాయన ఉన్నారని చదివినప్పుడు నాకు భలే ఆశ్చర్యం వేసింది. ఆయనే అమెరికాకు చెందిన జాన్ హార్వే కెల్లాగ్. కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మీద మనం చూసేది ఆ ఇంటిపేరే.

ఆయన 1852 ఫిబ్రవరి 26న మిచిగన్ రాష్ట్రంలో పుట్టారు. ఇంటినిండా గంపెడు పిల్లలు. తండ్రిది చీపుళ్లు తయారుచేసే కార్ఖానా. చదువుకోవలసిన వయసులో జాన్ అక్కడే చీపుళ్లు ఏరిపెట్టేవారు. పన్నెండో ఏట వాళ్ల చర్చివారి అచ్చాఫీసులో పనికి కుదిరారు. ఆ చర్చివారు మాంసం, పొగాకు, సారా మానమని చెప్పేవారు. అక్కడ అచ్చయ్యే ఆరోగ్యం వ్యాసాలు చదివి చదివి, కుర్రవాడికి తిండి మీద దృష్టి పడింది. చర్చి పెద్దలే చేయూతనిచ్చి వైద్యం చదివించారు. 1875లో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకుని, మరుసటి ఏడాదే బాటిల్ క్రీక్ అనే ఊళ్లో చర్చివారి చిన్న ఆరోగ్యశాలకు పెద్ద అయ్యారు. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు!

ఆ రోజుల్లో అమెరికావాళ్ల పొద్దుటి తిండి ఎలా ఉండేదనుకున్నారు? ఉప్పులో ఊరిన పందిమాంసం, కొవ్వులో వేగిన బంగాళాదుంపలు. అవి గబగబా మింగి, ఆపైన గుండెల్లో మంటని, మలబద్ధకమని మూలగడం. డాక్టరుగారు వాళ్లకి మాంసం మాన్పించారు. ముడిధాన్యాలు, పళ్లు, గింజలు పెట్టించారు. ప్రతి ముద్దా బాగా నమలమన్నారు. ఎండ, వ్యాయామం, స్నానాలు సరేసరి. అన్ని రోగాలకీ మూలం పేగుల్లోనే ఉందని ఆయన గట్టి నమ్మకం. అందుకే ఎనిమాలు కూడా తెగ చేయించేవారు. నమ్మకం మరీ ముదిరితే అదీ ఒక జబ్బే కాబోలు. ఏమైతేనేం, ఆ చిన్న ఆరోగ్యశాల శానిటేరియం అన్న కొత్త పేరుతో దేశమంతా తెలిసిపోయింది. హెన్రీ ఫోర్డ్, ఎడిసన్ లాంటివాళ్లు కూడా వచ్చి ఉన్నారు.

మరి అంతమందికీ మాంసం లేకుండా రుచిగా వండి పెట్టే దారి చూపిందెవరు? ఇక్కడే నాకు ఎల్లా గుర్తొస్తుంది. 1879లో ఆయన్ని పెళ్లాడిన ఎల్లా ఈటన్ చదువుకున్న మనిషి. 1880ల్లోనే శానిటేరియంలో ప్రయోగాల వంటశాల నడిపింది, వంట నేర్పే బడి పెట్టింది. 1892లో సైన్స్ ఇన్ ది కిచెన్ అనే లావుపాటి పుస్తకం రాసింది. తమకు పిల్లలు కలగకపోయినా ఆ దంపతులు నలభైమందికి పైగా పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచారు. డబ్బాల మీద అచ్చయింది మగవాళ్ల పేరైనా, ఆ వంటల వెనక ఆమె చెయ్యి ఉందన్నది మరిచిపోకూడదు.

ఇక వేరుశెనగ వెన్న సంగతి. పళ్లు లేనివాళ్లకి, నమలలేనివాళ్లకి మాంసానికి బదులు బలమైనదేదైనా ఇవ్వాలి. అందుకని గింజల్ని మెత్తగా ముద్ద చేసే పద్ధతికి 1895లో పేటెంటు కోసం అర్జీ పెట్టారు. 1897లో అది దక్కింది. విశేషమేమిటంటే ఆయన గింజల్ని వేయించేవారు కాదు, ఉడికించేవారు. వేయిస్తే నూనె అరగడం కష్టమని ఆయన ఉద్దేశం. అలాగని మొట్టమొదట కనిపెట్టింది ఆయనేనని చెప్పలేం. కెనడాలో ఎడ్సన్ అనే ఆయన 1884లోనే ఇలాంటి ముద్దకు పేటెంటు పొందాడు. చివరికి జనం మెచ్చింది కూడా వేయించి నూరినదాన్నే. ఉడికించినది రోగుల పథ్యంగా మిగిలింది. ఎంత మంచిదైనా నాలుకను ఒప్పించాలి కదండీ!

ఈ కథలో మనసు చివుక్కుమనే చోటు తమ్ముడి దగ్గరుంది. విల్ ఆయనకంటే ఎనిమిదేళ్లు చిన్న. అన్న దగ్గరే చాలీచాలని జీతానికి ఏళ్ల తరబడి చాకిరీ చేశాడు. 1894లో అట్లు అట్లుగా వచ్చే ధాన్యపు రేకులు ఇద్దరూ కలిసి చేసినవే. వాటిలో పంచదార కలుపుదామని తమ్ముడు, కూడదని అన్న. 1906లో తమ్ముడు సొంత కంపెనీ పెట్టుకున్నాడు. ఇంటిపేరు ఎవరిదన్న తగువు కోర్టుకెక్కింది. 1920లో తమ్ముడే గెలిచాడు. ఎల్లా పోయిందీ ఆ ఏడే.

మరో మచ్చ కూడా చెప్పాలి. అంతమంది పిల్లల్ని పెంచిన మనిషే, మేలైన జాతి, తక్కువ జాతి అంటూ మనుషుల్ని వేరుచేసే సిద్ధాంతానికి సంస్థ పెట్టి, సభలు జరిపించి ప్రచారం చేశారు. ఆ పని ఎంతమాత్రం సమర్థించలేనిది. కడుపుల్లో తేడా లేదని తెలిసిన డాక్టరుకి మనుషుల్లో తేడా ఎలా కనిపించిందో!

1930ల ఆర్థిక మాంద్యంలో శానిటేరియం అప్పుల్లో కూరుకుపోయింది. 1942లో ఆ భవనాల్ని సైన్యం కొనుక్కుంది. 1943 డిసెంబరు 14న, తొంభై ఒకటో ఏట ఆయన కన్నుమూశారు. తమ్ముడికి క్షమాపణగా రాసిన ఉత్తరం ఒకటి, ఆయన సెక్రటరీ పంపకుండా దాచేయడంతో, ఆయన పోయాకగాని తమ్ముడి చేతికి అందలేదట. మాట్లాడుకోవలసిన రెండు ముక్కలు బతికుండగా మాట్లాడుకోక!

ఇంతకీ ఆ వెన్న మన పొట్టకి మంచిదేనా? మితంగా అయితే మంచిదే. రెండు పెద్ద చెంచాల్లో సుమారు 7 గ్రాముల మాంసకృత్తులు, 2 గ్రాముల పీచు ఉంటాయి. మెత్తగా ఉంటుంది కనుక గింజలకంటే తేలిగ్గా అరుగుతుంది. అయితే నూనె సగం పాలు. ఎక్కువ తింటే పొట్ట బరువెక్కుతుంది, గుండెమంట ఉన్నవాళ్లకి మంట పెరగొచ్చు. వేరుశెనగ పడనివాళ్లు ముట్టుకోకూడదు. పసిపిల్లలకి చెంచాతో ముద్దగా పెట్టకండి, గొంతుకి అడ్డుపడుతుంది. బూజు పట్టిన, చేదెక్కిన గింజలు చూసి పారెయ్యండి. అవి కాలేయానికి చేటు.

చెయ్యడం ఎంతసేపు! గుళ్లు సన్నసెగన వేయించి, పొట్టు నలిచి, మిక్సీలో ఆగి ఆగి తిప్పితే నూనె వదిలి వెన్నవుతుంది. చిటికెడు ఉప్పు చాలు. జొన్నరొట్టెకి రాసుకుని, నిలబడి గబగబా మింగకుండా, పీట వేసుకు కూర్చుని నెమ్మదిగా నమిలి తినండి. డాక్టరుగారు చెప్పినవాటిలో కాలానికి నిలిచిన మాట అదే.