మహమ్మద్ యూసుఫ్ ఖాన్

మహమ్మద్ యూసుఫ్ ఖాన్ (సుమారు 1725 - 1764 అక్టోబరు 15) సామాన్య సైనికుడిగా జీవితాన్ని ప్రారంభించి, ఈస్టిండియా కంపెనీ మద్రాసు సిపాయిలందరికీ కమాండెంటుగా, అటుపై మదురై పాలకుడిగా ఎదిగిన యోధుడు. చివరకు ఆ కంపెనీ పైనే తిరగబడి ఉరికంబమెక్కాడు. తమిళనాడులో మరుదనాయగం, ఖాన్ సాహెబ్ అనే పేర్లతో ప్రసిద్ధుడు. ఆంగ్లేయుల పత్రాలలో ఈయనను నెల్లూరు సుబేదారు అని కూడా వ్రాశారు. తెలుగునేలతో ఈయనకున్న బంధం ఆ పేరులోనే నిలిచి ఉంది.

తొలి జీవితం

ఈయన రామనాథపురం ప్రాంతంలోని పనైయూరులో ఒక హిందూ కుటుంబంలో జన్మించి, తరువాత ఇస్లాం మతం స్వీకరించాడని ప్రతీతి. చిన్నతనంలోనే ఇల్లు విడిచి పుదుచ్చేరి వెళ్ళి, అక్కడినుండి నెల్లూరు చేరాడు. నెల్లూరులో మహమ్మద్ కమాల్ అనే సేనాని కొలువులో చేరి, హవల్దారుగా, ఆపై సుబేదారుగా పదోన్నతి పొందాడు. పోర్చుగీసు సంతతికి చెందిన ఒక క్రైస్తవ స్త్రీని వివాహమాడాడు.

ఆ రోజులలో కర్ణాటక నవాబు పదవి కోసం చందా సాహెబు, మహమ్మద్ అలీ పోరాడుతుండగా ఫ్రెంచివారు మొదటివానికి, ఆంగ్లేయులు రెండవవానికి అండగా నిలిచారు. చందా సాహెబు పక్షాన పోరాడిన యూసుఫ్ ఖాన్, ఆర్కాటు ముట్టడి తరువాత 1752 ప్రాంతంలో తన అనుచరులతో రాబర్ట్ క్లైవ్ వద్ద చేరాడు. కూలి సైనికులు పక్షం మారడం ఆనాడు వింత కాదు.

తిరుచిరాపల్లి, కమాండెంటు పదవి

యూసుఫ్ ఖాన్ ప్రతిభ బయటపడినది తిరుచిరాపల్లి ముట్టడిలో. మేజర్ స్ట్రింగర్ లారెన్స్ సైన్యం ఆకలితో ఓడిపోకుండా కాపాడినది ఆహారధాన్యాల బళ్ళే. శత్రువుల కన్నుగప్పి, అడవి దారుల గుండా రాత్రివేళ ఆ బళ్ళను తెచ్చే బాధ్యత ఈయనది. దారులు, గ్రామాలు, మనుషులు ఈయనకు తెలిసినంతగా ఏ ఆంగ్ల అధికారికీ తెలియవు. యుద్ధచరిత్రలు తుపాకులకు ఇచ్చిన చోటు బియ్యపు బస్తాలకు ఇవ్వవు గాని, తిరుచిరాపల్లిని నిలబెట్టినవి ఎక్కువగా అవే.

ఈ ఎదుగుదలను ఓర్వలేని పొన్నియప్ప అనే దుబాసీ, మైసూరు సర్వాధికారి నంజరాజుతో కలిసి కుట్ర పన్నాడు. యూసుఫ్ ఖాన్ ద్రోహి అని చూపే ఒక దొంగ ఉత్తరాన్ని ఆంగ్లేయులకు దొరికేలా చేశారు. యూసుఫ్ ఖాన్ ను నిర్బంధించారు. ఆ ఉత్తరాన్ని చదివి వినిపించినది కూడా పొన్నియప్పే. విచారణలో నిజం బయటపడి, పొన్నియప్పను ఫిరంగి నోటికి కట్టి పేల్చివేశారు.

లారెన్స్ సిఫారసుపై 1754లో మద్రాసు ప్రభుత్వం యూసుఫ్ ఖాన్ ను కంపెనీ సిపాయిలందరికీ కమాండెంటుగా నియమించింది. బంగారు పతకం కూడా బహూకరించింది. ఈ నియామకం ఎంత అరుదైనదో తరువాతి చరిత్రను బట్టి తెలుస్తుంది. కాలక్రమంలో సిపాయి పటాలాల ఆధిపత్యం పూర్తిగా ఐరోపా అధికారుల చేతికి పోయింది. సిపాయిగా చేరిన భారతీయుడు నాయక్, హవల్దారు, జమాదారు మెట్లెక్కి సుబేదారు లేదా సుబేదారు మేజరు వద్ద ఆగిపోవలసినదే. ఎంత వృద్ధుడైన సుబేదారు అయినా కొత్తగా వచ్చిన ఆంగ్ల యువ అధికారికి లోబడి ఉండాలి. భారతీయులకు కింగ్స్ కమిషన్ తలుపులు తెరుచుకున్నది 1917లో మాత్రమే.

మదురై పాలన

1756లో కప్పం వసూలుకు, పాలెగాళ్ళను అణచడానికి యూసుఫ్ ఖాన్ ను మదురై, తిరునెల్వేలి సీమలకు పంపారు. అక్కడి పాలెగాళ్ళలో పాంచాలంకురిచ్చి, ఎట్టయాపురం వంటి తెలుగు వంశాలవారు కూడా ఉన్నారు. అందరిలో గట్టిగా ఎదిరించినవాడు పులితేవర్. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసును ముట్టడించగా, యూసుఫ్ ఖాన్ ను వెనక్కు పిలిచారు. ఆయన బయటినుండి ఫ్రెంచివారి సరఫరాలను దెబ్బతీశాడు. తిరుచిరాపల్లిలో బళ్ళను కాపాడినవాడికి, శత్రువు బళ్ళను ఎక్కడ ఆపాలో బాగా తెలుసు.

1759లో మదురై, తిరునెల్వేలి సీమలను ఏటా 5 లక్షల రూపాయలకు ఇజారాకు తీసుకున్నాడు. చెరువులు బాగుచేయించాడని, మీనాక్షి ఆలయ భూములను తిరిగి ఇప్పించాడని పేరుంది.

తిరుగుబాటు, మరణం

ఈయన బలం చూసి నవాబు మహమ్మద్ అలీకి భయం పట్టుకున్నది. యూసుఫ్ ఖాన్ నవాబు సేవకుడేననీ, కప్పం నవాబు ద్వారానే చెల్లించాలనీ కంపెనీ తీర్పు చెప్పింది. కంపెనీ ఇచ్చిన పదవితో పైకి వచ్చిన వ్యక్తికి ఇది భరించరానిదయింది. 1763లో తనను తాను స్వతంత్రుడిగా ప్రకటించుకుని, మదురై కోటపై ఫ్రెంచి పతాకం ఎగరవేశాడు.

ఆ ఏడాది జరిగిన ముట్టడి విఫలమయింది. 1764లో మేజర్ చార్లెస్ క్యాంప్‌బెల్ నడిపిన సేన జూన్ 26న చేసిన దాడిని కూడా కోట తిప్పికొట్టింది. దానితో ఆంగ్లేయులు ఆహారం అందకుండా కోటను దిగ్బంధించారు. తిరుచిరాపల్లిలో యూసుఫ్ ఖాన్ వమ్ము చేసిన ఉపాయమే ఇది. ఈసారి ఆయన గోడలకు లోపల ఉన్నాడు. అక్టోబరులో సొంత మనుషులే, ఫ్రెంచి అధికారి మార్షాన్, దివాను శ్రీనివాసరావులతో కలిసి, ప్రార్థనలో ఉన్న ఆయనను బంధించి అప్పగించారు. 1764 అక్టోబరు 15న మదురై సమీపంలోని సమ్మట్టిపురంలో ఉరితీశారు. ఉరితాడు మొదట రెండుసార్లు తెగిపోయిందనీ, శరీరాన్ని ముక్కలుచేసి వేర్వేరు ఊళ్ళకు పంపారనీ జనశ్రుతి.

సమ్మట్టిపురంలో ఈయన దర్గా ఉన్నది. నటుడు కమల్ హాసన్ 1997లో మరుదనాయగం పేరుతో ప్రారంభించిన చలనచిత్రం మధ్యలోనే ఆగిపోయింది. దాని ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చినది బ్రిటిష్ రాణి రెండవ ఎలిజబెత్.