మిఠాయి పంచడం ఆపని మాస్టారు: చిన్నపిల్లల చదువుకు జీవితం ఇచ్చిన జాకిర్ సాబ్

ఇబ్రహీంపట్నం: కొండపల్లి బొమ్మ కనిపించని ఇల్లు ఈ చుట్టుపక్కల తక్కువే. ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కే మనిషి, అంబారీ ఏనుగు... తెల్ల పొణికి కర్రతో చెక్కి, రంగులేసిన బొమ్మలు. అయితే చాలా ఇళ్లలో అవి పిల్లల చేతుల్లో ఉండవు. షోకేసులో, అద్దం వెనకాల ఉంటాయి. మూడేళ్ల పిల్లాడు చెయ్యి చాపాడో లేదో, పాడుచేస్తావని అమ్మీ వెనక్కి లాగేస్తుంది. అదే పిల్లాడిని సాయంత్రం కూర్చోబెట్టి అలిఫ్ బే, అ ఆ, ఏ బీ సీ మూడూ ఒకేసారి దిద్దిస్తారు. వాడు ఏడుస్తాడు. పెద్దవాళ్లు విసుక్కుంటారు. బొమ్మ ఒకవైపు, చదువు ఇంకోవైపు, మధ్యలో అద్దం.

ఆ అద్దం తీసెయ్యాలని జీవితమంతా కష్టపడిన మనిషి ఒకరున్నారు. ఆయన పుట్టింది మన హైదరాబాద్‌లోనే. డాక్టర్ జాకిర్ హుస్సేన్ అనగానే భారతదేశ మూడో రాష్ట్రపతి, ఆ పదవిలోకి వచ్చిన మొదటి ముస్లిం అని పిల్లలు కూడా జనరల్ నాలెడ్జ్ పుస్తకంలోంచి చెప్పేస్తారు. రాష్ట్రపతి భవన్‌లో ఆయన ఉన్నది రెండేళ్లు కూడా కాదు. బడి కోసం పనిచేసింది మాత్రం దాదాపు జీవితమంతా.

పద్నాలుగేళ్లకే అనాథ

1897 ఫిబ్రవరి 8న జాకిర్ హుస్సేన్ పుట్టారు. పెద్దలది ఉత్తరప్రదేశ్ ఫరూఖాబాద్ జిల్లాలోని ఖాయంగంజ్, పఠాన్ల కుటుంబం. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ వకాలత్ కోసం హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డారు. బాగానే సంపాదించారు. ఏడుగురు అన్నదమ్ముల్లో జాకిర్ మూడోవాడు. పదేళ్ల వయసులో, 1907లో, తండ్రి చనిపోయారు. కుటుంబం హైదరాబాద్ వదిలి సొంతూరికి వెళ్లిపోయింది.

జాకిర్‌ని ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్లో చేర్పించారు. హాస్టల్ జీవితం. హెడ్మాస్టర్ సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్ క్రమశిక్షణ గల మనిషి, పిల్లలంటే ప్రాణం. 1911లో ఖాయంగంజ్‌లో ప్లేగు వచ్చింది. తల్లి నాజ్నీన్ బేగం ఆ మహమ్మారికే బలయ్యారు. ఇంట్లో ఇంకొందరు కూడా పోయారు. అప్పటికి జాకిర్‌కు పద్నాలుగేళ్లు. అమ్మీ అబ్బా ఇద్దరూ లేని ఆ కుర్రాడికి బడే ఇల్లయింది, మాస్టార్లే పెద్దదిక్కయ్యారు. తర్వాత ఆయన నడిపిన బడి కూడా పిల్లలకు ఇల్లులాగే ఉండటంలో ఆశ్చర్యం లేదు.

అలీగఢ్ వదిలి, బెర్లిన్ వెళ్లి

అలీగఢ్‌లో చదువు అయిపోవస్తున్న రోజుల్లో, 1920లో, ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు వచ్చాయి. గాంధీజీ, అలీ సోదరులు వచ్చి సర్కారు సాయంతో నడిచే కాలేజీని వదలమని పిలుపునిచ్చారు. మంచి ఉద్యోగం, హోదా చేతికందే దూరంలో ఉన్న జాకిర్ హుస్సేన్ వాటిని వదిలేసి బయటికొచ్చారు. అలా వచ్చినవాళ్లతోనే 1920 అక్టోబర్ 29న జామియా మిల్లియా ఇస్లామియా మొదలైంది. అప్పుడు ఆయన వయసు ఇరవై మూడు.

1922లో జర్మనీ వెళ్లారు. బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేట్ చేశారు. అక్కడ ఆయన మనసు లాగింది మాత్రం కొత్త తరహా బడులు. మ్యూనిక్‌కు చెందిన విద్యావేత్త కెర్షన్‌స్టైనర్ పనితో కలిసిన చదువు గురించి రాసేవారు. పిల్లాడు చేత్తో ఒక వస్తువు చేస్తూ, దాన్ని సరిచేసుకుంటూ నేర్చుకుంటాడన్నది ఆ ఆలోచన. అది జాకిర్ హుస్సేన్‌కు బలంగా పట్టుకుంది. ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్ అనే ఇద్దరు స్నేహితులు కూడా బెర్లిన్‌లోనే కలిశారు. డబ్బుల్లేక జామియా మూసేస్తారన్న కబురు వచ్చినప్పుడు, మేం ముగ్గురం వస్తాం, మూయకండి అని అక్కడినుంచే కబురు పెట్టారు. 1926లో తిరిగొచ్చారు. ఇరవై తొమ్మిదేళ్లకే జాకిర్ హుస్సేన్ జామియా పెద్ద అయ్యారు. ఇరవై రెండేళ్లు అదే బాధ్యతలో ఉన్నారు.

అప్పటికి జామియా అలీగఢ్ నుంచి ఢిల్లీ కరోల్‌బాగ్‌కు మారింది. అద్దె ఇళ్లలో నడిచేది. 1927 చివర్లో హకీం అజ్మల్ ఖాన్ చనిపోవడంతో డబ్బు వచ్చే దారి దాదాపు మూసుకుపోయింది. 1928లో టీచర్లంతా ఒక ప్రతిజ్ఞ చేశారు. ఇరవై ఏళ్లు ఇక్కడే పనిచేస్తాం, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోం అని. జర్మనీ డాక్టరేట్ ఉన్న జాకిర్ హుస్సేన్ తీసుకున్నది అంతకంటే తక్కువే.

బడిలో బ్యాంకు, బడిలో దుకాణం

జామియా అంటే ఇప్పుడు పెద్ద యూనివర్సిటీ. ఆ రోజుల్లో దాని గుండెకాయ ప్రైమరీ బడి. యూనివర్సిటీ పెద్ద అయ్యుండి జాకిర్ సాబ్ చిన్నపిల్లల తరగతులకు ఇచ్చిన టైమ్ ఇంకెవరికీ ఇవ్వలేదేమో అనిపిస్తుంది.

ఆ బడిలో లెక్కలు నేర్పే తీరే వేరు. పిల్లలే నడిపే చిన్న దుకాణం ఉండేది, చిన్న బ్యాంకు ఉండేది. పొద్దున్నే నోటితో ఎక్కాలు వల్లించడం ఒక పద్ధతి. తోటి పిల్లాడు పెన్సిల్ కొనడానికొస్తే చిల్లర సరిగ్గా తిరిగివ్వడం ఇంకో పద్ధతి. రెండోదాంట్లో కూడిక, తీసివేతలతో పాటు నిజాయితీ కూడా వస్తుంది. ఏటా వ్యవస్థాపక దినానికి తాలీమీ మేళా పెట్టేవారు. పిల్లలు తాము చేసినవన్నీ తెచ్చి అందరికీ చూపించుకునేవారు.

పిల్లల కోసమే ‘పయామె తాలీమ్’ అనే ఉర్దూ పత్రిక కూడా ఉండేది. జర్మనీలో పరిచయమైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ జామియాకు వచ్చి చేరారు. హాస్టల్లో ఉన్న చిన్నపిల్లలను ఆమె చూసుకునేవారు. వాళ్లకు ఆమె ఆపాజాన్. 1943లో కన్నుమూసేవరకూ పిల్లలతోనే ఉన్నారు. ఆమె సమాధి జామియా ఖబరస్తాన్‌లోనే ఉంది.

1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త బడికి పునాది రాయి వేయాల్సి వచ్చింది. ఇలాంటి పనికి మంత్రినో, నవాబునో పిలవడం మామూలు. జామియా అందరికంటే చిన్న విద్యార్థి అబ్దుల్ అజీజ్ చేత ఆ రాయి వేయించింది. బడి ఎవరిదో ఆ ఒక్క పనితో అందరికీ అర్థమైంది.

బూట్ల పాలిష్ పాఠం

రోజువారీ అలవాట్లు నేర్పడంలో కూడా ఆయన దారి వేరే. జామియాలో తరతరాలుగా చెప్పుకునే ముచ్చట ఒకటుంది. పిల్లలు మాసిన బూట్లతో వస్తున్నారు. శుభ్రంగా రమ్మని చెప్పినా వినడం లేదు. ఒకరోజు జాకిర్ సాబ్ బ్రష్షూ పాలిషూ తీసుకుని గేటు దగ్గర కూర్చున్నారు. మాసిన బూట్లతో ఎవరొస్తే వాళ్ల బూట్లు తుడవడం మొదలుపెట్టారు. ఒక్క మాట అనలేదు, జరిమానా వెయ్యలేదు. మర్నాటి నుంచి ఎవరికీ ఇంకోసారి చెప్పాల్సిన పని పడలేదట.

ఇంట్లో బ్రష్ చెయ్యి, స్నానం చెయ్యి, చెప్పులు సర్దు అని పొద్దున్నుంచీ అరిచే పెద్దలకు ఇందులో పనికొచ్చే సంగతి ఉంది. పిల్లలు చెవులతో కంటే కళ్లతో ఎక్కువ నేర్చుకుంటారు. అబ్బా పక్కన నిలబడి బ్రష్ చేస్తే పిల్లాడికి అది ఆట. దూరం నుంచి కేకేస్తే శిక్ష.

ఆ రోజు మిఠాయి

జాకిర్ సాబ్ గురించి అందరూ తలుచుకునే సంఘటన ఇంకొకటి ఉంది. ప్రైమరీ బడిలో ఫలితాల రోజు. పాసైన పిల్లలకు ఆయనే తన చేత్తో మిఠాయి పంచుతున్నారు. ఇంటి దగ్గర చిన్నారి కూతురు రెహానాకు ఒంట్లో బాగోలేదు. పరిస్థితి బాగోలేదని మనిషి వచ్చి చెవిలో చెప్పాడు. ఆయన పంచుతూనే ఉన్నారు. కాసేపటికి పాప పోయిందని కబురొచ్చింది. ముఖం పాలిపోయింది కానీ చెయ్యి ఆగలేదు. చివరి పిల్లాడి దాకా మిఠాయి ఇచ్చాకే ఇంటికి కదిలారు. తర్వాత అడిగితే, పిల్లలంతా అంత ఆనందంగా ఉన్నప్పుడు దాన్ని మధ్యలో చెదరగొట్టడానికి మనసొప్పలేదన్నారు.

కొందరికి ఇది మరీ కఠినంగా అనిపించొచ్చు. వెంటనే ఇంటికి పరుగెత్తాల్సింది కదా అనే తల్లులూ ఉంటారు. ఆ మాటలోనూ న్యాయముంది. కానీ ఆ పాపను ఆయన మరిచిపోలేదు. పిల్లల కోసం రాసిన కథలను రుఖయ్యా రెహానా అనే పేరుతో అచ్చు వేయించారు. బిడ్డ పేరు అలా వేరే ఇళ్ల పిల్లల పుస్తకాల మీద బతికింది.

ఆ కథల్లో బాగా పేరొచ్చింది ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’. ఫ్రెంచి రచయిత దోదే కథకు ఆయన ఇచ్చిన కొత్త రూపం. అల్మోరా కొండల్లో అబ్బూ ఖాన్ అనే ముసలాయన, ఆయన ముద్దుగా పెంచుకున్న చాందనీ అనే మేక. తాడు తెంచుకుని కొండెక్కిన చాందనీ స్వేచ్ఛను రుచి చూస్తుంది, రాత్రంతా తోడేలుతో పోరాడి తెల్లారేసరికి పడిపోతుంది. గెలిచింది తోడేలని పక్షులన్నీ అంటాయి. ఒక్క ముసలి పక్షి మాత్రం చాందనీయే గెలిచిందంటుంది. ఇంగ్లీషు వాళ్ల పాలనలో పెరుగుతున్న పిల్లలకు స్వాతంత్య్రం అంటే ఏంటో ఒక మేకపిల్ల కథతో చెప్పేశారు. నీతి చెబుతున్నట్టే ఉండదు, కథ మాత్రం మనసులోంచి పోదు.

వార్ధా పథకం, ఎదురైన మాటలు

1937 అక్టోబర్‌లో గాంధీజీ వార్ధాలో విద్యా సదస్సు పెట్టారు. కొత్త బోధనా ప్రణాళిక తయారుచేసే కమిటీకి జాకిర్ హుస్సేన్‌ను అధ్యక్షుడిని చేశారు. ఏడేళ్ల పాటు ఉచిత, నిర్బంధ విద్య, అదీ మాతృభాషలో, ఒక చేతిపని చుట్టూ అల్లుకున్న పాఠాలు. ఇదే నయీ తాలీమ్, బేసిక్ విద్య.

విమర్శలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. పిల్లల చేత సంపాదింపజేస్తారా అని కొందరు అడిగారు. మత బోధనకు చోటు లేదని ముస్లిం లీగ్ గట్టిగా వ్యతిరేకించింది. సొంత సమాజం నుంచే మాటలు పడ్డారు. పని ద్వారా వచ్చే డబ్బు మీద ధ్యాస పెరిగి చదువు వెనకబడే ప్రమాదం ఉందని కమిటీ నివేదికే హెచ్చరించింది. చివరికి చాలాచోట్ల అలాంటిదే జరిగింది. తకిలీ పీరియడ్ మిగిలింది, దాని వెనకున్న ఆలోచన పోయింది. జాకిర్ సాబ్ ఆ నిరాశను దాచుకోలేదు.

1946 నవంబర్‌లో జామియా రజతోత్సవం. దేశం మతకలహాలతో మండుతోంది. నెహ్రూ, ఆజాద్, జిన్నా లాంటి నాయకులను ఒకే వేదిక మీదికి తెచ్చి, ఈ మంట ముందు ఆర్పండి, మంటల్లో పిల్లల్ని పెంచలేమని వేడుకున్నారు. మంట ఆరలేదు. 1947లో జలంధర్ రైల్వే స్టేషన్లో అల్లరిమూక చేతిలో ఆయనే తృటిలో ప్రాణాలతో బయటపడ్డారు. కాపాడింది ఒక సిక్కు అధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి. కరోల్‌బాగ్‌లో జామియా పుస్తకాల దుకాణం బూడిదైంది. అయినా ఆయన ఈ దేశాన్ని వదల్లేదు, పిల్లల్నీ వదల్లేదు.

పదవులు చివర్లో వచ్చాయి

1948లో అలీగఢ్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1957లో బీహార్ గవర్నర్, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. గులాబీలంటే ఇష్టం. రాళ్లు, శిలాజాలు పోగుచేసేవారు. చూడగానే చిన్నపిల్లాడిలా సంబరపడేవారు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. సమాధి జామియా ఆవరణలోనే, పిల్లల అడుగుల చప్పుడు వినిపించే చోట.

ఆయన పద్ధతికి పెద్ద ఫీజుల స్కూలు అక్కర్లేదు. పప్పులు, శనగలు కలిపేసి వేరుచేయమంటే మూడేళ్ల పిల్లకు అదే లెక్కల క్లాసు. దస్తర్‌ఖాన్ పరిచేటప్పుడు ఎంతమందికి ఎన్ని ప్లేట్లో లెక్కపెట్టమంటే అదే కూడిక. నిద్రపోయే ముందు దాదీ చెప్పే ఒక కథ, ఏ భాషలో అయినా సరే, అదే భాషా పాఠం. వారానికో బొమ్మను షోకేసులోంచి తీసి పిల్లాడి చేతికిస్తే ఇంకా మంచిది. బండికి ఎద్దులెన్ని, చక్రాలెన్ని, ఈ చెట్టు ఎక్కుతున్నాయన ఎందుకెక్కుతున్నాడు అని వాడే అడుగుతాడు. ఒకవేళ బొమ్మ విరిగినా కొండపల్లి ఎంతో దూరం లేదు. చింతగింజల మక్కుతో అతికించడం వాళ్లకు రోజూ ఉండే పనే.