ఇద్దరి పేరుతో ఒక్కరు

మొన్న ల్యాబ్ వైవాలో మేడమ్ ఒకేసారి రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిదానికి జవాబు బాగానే చెప్పాను. చెప్పడం అయ్యేసరికి రెండోది బుర్రలోంచి ఎగిరిపోయింది. అదే వారం మన క్లబ్ గ్రూపులో ఎవరో అష్టావధానం వీడియో పెట్టారు. ఇంగ్లీష్ మీడియం వాణ్ణి, పద్యాలు సగం అర్థం కాలేదు. కానీ ఎనిమిది మంది వంతులవారీగా అడ్డు తగులుతుంటే ఆ మనిషి దారం తెగకుండా వెళ్ళడం మాత్రం బాగా అర్థమైంది. ఇది ఎవరి వల్ల ఇంత పాపులర్ అయిందా అని వెతుకుతూ వెళ్తే చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారి దగ్గర తేలాను.

ఆయన 1870లో కడియంలో పుట్టారు. ఇప్పుడు పూలమొక్కల నర్సరీలకి పేరున్న కడియమే. తర్వాత వాళ్ళ కుటుంబం యానాం వెళ్ళింది. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర చదువుకుంటున్నప్పుడు దివాకర్ల తిరుపతిశాస్త్రి పరిచయమయ్యారు. ఈయనకన్నా రెండేళ్ళు చిన్న, భీమవరం దగ్గర యండగండి ఊరు. ఆ ఇద్దరే తిరుపతి వేంకట కవులు.

వాళ్ళు చేసిన పని ఎంత కష్టమో తెలియాలంటే వర్కింగ్ మెమరీ గురించి కొంచెం చెప్పాలి. అది పాత జ్ఞాపకాలు దాచే గోడౌన్ కాదు. ఇప్పుడు వాడుతున్న నాలుగు ముక్కల్ని కాసేపు చేతిలో పట్టుకునే చోటు. 1974లో బ్యాడ్లీ, హిచ్ అనే ఇద్దరు బ్రిటిష్ సైకాలజిస్టులు దీనికి ఒక మోడల్ ఇచ్చారు. మనం మాట్లాడుకోగలగడానికి ఇది ఉండాల్సిందే. తెలుగులో అయితే మరీను, మనకి క్రియ చివర్న కదా. ఎవరైనా "నిన్న బస్టాండులో మీ తమ్ముణ్ణి" అని మొదలుపెడితే, చూశారో కొట్టారో తెలిసేది ఆఖర్నే. అప్పటిదాకా బస్టాండునీ తమ్ముణ్ణీ మోస్తూ ఉండాలి. మధ్యలో ఫోన్ మోగితే గోవిందా.

అవధానంలో ఆ ఫోన్ లాంటివాళ్ళని కావాలనే కూర్చోబెడతారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు ఫలానా అక్షరం వాడొద్దంటారు, ఒకరు ఇష్టం వచ్చినప్పుడు గంట కొడతారు, ఎన్నిసార్లో లెక్క చెప్పాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవాడి పనైతే మధ్యలో దూరి పిచ్చి ప్రశ్నలు అడగడమే, దానికి నవ్వొచ్చేలా వెంటనే జవాబు ఇవ్వాలి. ఒక్కో పృచ్ఛకుడికి ఒక్కో రౌండులో ఒక్కో పాదం చెప్పుకుంటూ పోయి, చివర్లో ధారణ, అంటే అన్ని పద్యాలూ మొదట్నుంచీ అప్పజెప్పడం. శతావధానంలో ఇలాంటివాళ్ళు వంద మంది. అంటే నాలుగు వందల పాదాలు.

నాలుగు ముక్కలు పట్టే చోట నాలుగు వందల పాదాలు ఎలా పట్టాయి? పట్టవు. నాకు అర్థమైనంతలో ఛందస్సే ఇక్కడ కాపాడుతుంది. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. ఒక్క ప్రాస అక్షరం గుర్తుంటే మిగతా పాదాలకి అదే తాళంచెవి (మన భాషలో హ్యాష్ కీ అనుకోండి). దాని వెనక ఏళ్ళ తరబడి కంఠస్థం చేసిన కావ్యాలు, వ్యాకరణం ఉన్నాయి. అందుకే దీన్ని దైవదత్తం అని వదిలేస్తే వాళ్ళు పడ్డ కష్టాన్ని తక్కువ చేసినట్టే అనిపిస్తుంది నాకు.

వీళ్ళ విషయంలో ఇంకో చిక్కు ఉంది. అవతలివాడి సగం కూడా మోయాలి. ఒకరు పద్యం ఎత్తుకుంటే రెండోవారు అందుకునేవారు. ఎదుటివాడు ఎటు వెళ్తున్నాడో పూర్తిగా వినకుండా అది కుదరదు. మన గ్రూప్ డిస్కషన్లలో మనం చేసేది దీనికి సరిగ్గా రివర్స్: ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ మన పాయింట్ మర్చిపోకుండా పట్టుకుని కూర్చుంటాం.

గద్వాల, ఆత్మకూరు లాంటి సంస్థానాలన్నీ ఇద్దరూ కలిసి తిరిగారు. మమ్మల్ని గెలిస్తే తీసేస్తాం అని మీసాలు పెంచి మరీ సవాలు చేశారు. ఊళ్ళల్లో రాత్రంతా హార్మోనియంతో ఆడే పాండవోద్యోగ విజయాలు నాటకాలు వీళ్ళవే. వేంకటశాస్త్రి గారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ ఆయన శిష్యుడే.

1920లో తిరుపతిశాస్త్రి గారు పోయారు. నలభై ఎనిమిదేళ్ళు. వేంకటశాస్త్రి గారికి అప్పటికి యాభై. వంద మంది ప్రశ్నల కన్నా నాకు ఇదే ఎక్కువ కష్టంగా కనిపించింది: పాదం ఎత్తుకుని ఆగితే అందుకునే గొంతు లేకపోవడం. ఆయన ఇంకో ముప్పై ఏళ్ళు బతికారు. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ని ఆస్థాన కవిని చేసింది. 1950 ఫిబ్రవరి 15న, శివరాత్రి రోజు, పోయారు. ఆ ముప్పై ఏళ్ళలోనూ ఆయన జంట పేరుని వదల్లేదు. ఒక్కరే కూర్చుని రాసినా, పేరు మాత్రం తిరుపతి వేంకట కవులు అనే పెట్టుకున్నారు.