చిలకా చిరుప్రాణులకు చిట్టా వ్రాసిన దొర

బరంపురం నుండి కలకత్తా వైపు పోయే రైలు రంభ చేరేసరికి చిలకా సరస్సు కానవస్తుంది. పిల్లలకు మనము పక్షులను, పడవలను చూపిస్తాము. ఆ నీటిలోని చిన్న చిన్న ప్రాణులను వెదకి లెక్క వ్రాసిన మహనీయుని మాత్రం మనలో చాలమందిమి ఎరుగము. ఈ ఉగాదికి ఆయనను స్మరించుట ఉచితమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆయన నెల్సన్ ఆనండేల్ దొరగారు. 1876లో స్కాట్లండులోని ఎడింబరోలో పేరుపొందిన శస్త్రవైద్యుని ఇంట జన్మించారు. ఆక్స్‌ఫర్డులో చదివి, మలయా దేశం తిరిగి, 1904లో కలకత్తా ఇండియన్ మ్యూజియంలో కొలువుకు వచ్చారు. 1907లో దానికి అధిపతి అయ్యారు.

పులుల గురించి, ఏనుగుల గురించి చెప్పేవారికి కొదవ లేదు. ఆనండేల్ గారి చూపు చెరువులో మునిగిన రాళ్లకు, పుల్లలకు అంటుకొని పెరిగే మంచినీటి స్పంజీల మీద నిలిచింది. చెరువు ఎండితే స్పంజి చస్తుంది. కాని విత్తులవంటి గట్టి గుళికలను విడిచిపోతుంది. వానలు పడగానే వాటినుండి తిరిగి ప్రాణం మొలకెత్తుతుంది. ఇట్టి జీవులపై ఆయన 1911లో గ్రంథం వెలువరించారు.

పిమ్మట స్టాన్లీ కెంప్ గారితో కూడి చిలకాను చేపట్టారు. ఆనాడు సరస్సు దక్షిణభాగం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చేరి ఉండేది. వర్షాకాలంలో దయా, భార్గవీ నదుల మంచినీరు నిండుతుంది. వేసవిలో సముద్రపు ఉప్పు పైకెక్కుతుంది. ఏ ప్రాణి ఏ నీటికి ఓర్చునో తెలియాలంటే ఒక్కసారి చూచి పోతే చాలదు. వేర్వేరు ఋతువులలో వల దించి, నీటి ఉప్పదనం కొలిచి వ్రాయాలి. వారు ఆ పనే చేశారు. 1915 నుండి ఫలితాలు వరుసగా అచ్చయినవి.

1916లో జువాలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడినప్పుడు ఆయనే తొలి డైరెక్టరు. సుందర్‌లాల్ హోరా వంటి మన శాస్త్రజ్ఞులు ఆయన వద్ద తరిఫీదయ్యారు. 1924 ఏప్రిల్ 10న, 47 ఏళ్లకే, కలకత్తాలో కన్నుమూశారు.

1981లో చిలకా అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడి నేలల జాబితాకెక్కింది. అయినా మేట పెరిగి, మొగ పూడసాగి, నీరు చప్పబడి, చేపలు తగ్గి జాలరుల కడుపు మాడింది. 2000లో కొత్త మొగ తవ్విన పిదప సరస్సు తేరుకొన్నది. ఎంత పోయినదీ, ఎంత తిరిగి వచ్చినదీ తేల్చుటకు పాత లెక్క ఉండాలి కదా! ఆనండేల్ గారి చిట్టాయే ఆ లెక్క.

పండుగనాడు మనము పంచాంగంలో ఆదాయ వ్యయాలు వింటాము. చిలకా ఆదాయ వ్యయాలు చూచుకొనుటకు తొలి పద్దు వ్రాసిపెట్టిన ఆ మహనీయునికి మా నమస్సులు.