క్రికెట్ వ్యాఖ్యాత బాబీ తల్యార్‌ఖాన్

మన దేశంలో క్రికెట్ ఆటను రేడియో ద్వారా ఇంటింటికీ చేర్చిన తొలి వ్యాఖ్యాతలలో ఎ.ఎఫ్.ఎస్. తల్యార్‌ఖాన్ అగ్రగణ్యులు. 1897లో పార్శీ కుటుంబంలో జన్మించిన వీరిని క్రీడాలోకం బాబీ అని పిలిచేది. 1934లో బొంబాయిలో పార్శీ, ముస్లిం జట్ల మధ్య జరిగిన క్వాడ్రాంగులర్ పోటీతో వీరి వ్యాఖ్యానం ఆరంభమైంది. భోజన, తేనీటి విరామాలు మినహా దినమంతా ఒక్కరే మాట్లాడేవారు. వెస్టిండీస్ జట్టు వచ్చిన 1948-49లో వ్యాఖ్యాతలు ముగ్గురుండాలని ఆకాశవాణి నిర్ణయించగా, ఆ పనిని విడిచిపెట్టారు. 1972-73లో ఇంగ్లండ్ జట్టు పర్యటించినప్పుడు వీరి గొంతు టెలివిజన్‌లో వినిపించింది. 1990లో దివంగతులైనారు.

అయితే మేము వీరిని స్మరించుటకు వేరొక కారణమున్నది. మతాన్ని, జాతిని బట్టి జట్లు కట్టే ఆ బొంబాయి పోటీలే వీరికి కీర్తి తెచ్చాయి. అయినను, పాత్రికేయులుగా వీరు ఆ పద్ధతినే ఖండించారు. 1945-46తో ఆ పోటీలు ముగిసినవి. తమకు పేరు తెచ్చినదానినే తప్పని చెప్పుటకు ఎంతో ధైర్యం కావాలి. ఉర్దూ, తెలుగు విద్యార్థులము ఒకే జట్టుగా మైదానంలో దిగునప్పుడు, ఆ ధైర్యానికి మేమును ఋణపడియున్నామని తలుస్తాము.